గ్రహణం చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం మూడున్నర దాటింది. సూర్యాపేట దగ్గర ఒక ఊళ్ళో మా అమ్మమ్మ తలుపులన్నీ వేసిన గదిలో వెల్లకిలా పడుకుని ఉంది. అప్పుడు మా అమ్మ ఆవిడ కడుపులో ఉంది. కదలకూడదు, గోకకూడదు, ఏమీ కోయకూడదు అని పెద్దవాళ్ళ ఆర్డర్. కిటికీ సందుల్లో పాత బట్టలు కుక్కారు. బయట ఏం జరుగుతోందో ఆవిడకి చెవులతోనే తెలిసింది. "కోళ్ళు గూట్లకి పోయిన సప్పుడు ఇనవడ్డది. కొంచెంసేపటికే కోడి కూసింది. గంతే బిడ్డా, నా గ్రహణం" అంటుంది.

సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ రోజు సరిగ్గా ఆ ఊరి మీదుగా వెళ్ళింది. కర్ణాటక తీరం దగ్గర మన దేశంలోకి వచ్చి, రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా పూరీ వైపు పోయింది. భూమి మీద ఏదైనా ఒక చోటికి సంపూర్ణ గ్రహణం మళ్ళీ రావాలంటే సగటున 375 ఏళ్ళు పడుతుందని లెక్క. అంటే అమ్మమ్మ ఇల్లు కదలకుండా, టికెట్ కొనకుండా చూడగలిగిన ఒకే ఒక్క గ్రహణం అది. పైకప్పు మీద నుంచి వెళ్ళిపోయింది.

ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది నిజంగా నాకు పని పెట్టింది మాత్రం 2024లో. మా అక్క (పెద్దమ్మ కూతురు) డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. జనవరిలో దానికి పాప పుట్టింది. పెద్దమ్మ, అమ్మమ్మ ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. అదే ఏడాది ఏప్రిల్ 8న సంపూర్ణ గ్రహణం నీడ డల్లాస్ మీదుగా వెళ్తుందని తెలిసింది. అక్క ఫోన్ చేసి, "నువ్వు ఈ స్పేస్ వీడియోలు తెగ చూస్తావు కదా, మేము ఇంట్లోంచి చూస్తే చాలా, లేక ఎక్కడికైనా పోవాలా? అమ్మమ్మ మోకాళ్ళ సంగతి తెలుసు కదా" అంది. నేను అప్పుడు ఇంటర్ పరీక్షలు రాసేసి ఎంసెట్‌కి చదువుతున్నాను. చదవకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

ఈ వ్యాసం ఆ ప్లానింగ్ గురించి. మీకెప్పుడైనా అవసరం పడుతుంది. ఎందుకో చివర్లో చెప్తాను.

99 శాతం అంటే ఫెయిల్

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన పరీక్షల్లో 99 శాతం వస్తే ఇంటి ముందు ఫ్లెక్సీ కడతారు. గ్రహణంలో 99 శాతం అంటే ఫెయిల్ కింద లెక్క.

సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే తెల్లటి వెలుగు కిరీటం, సూర్యబింబంతో పోలిస్తే దాదాపు పది లక్షల వంతు వెలుగు మాత్రమే ఇస్తుంది. ఇంచుమించు పున్నమి చంద్రుడంత. బింబంలో ఒక్క శాతం బయట మిగిలినా సరే, ఆ ఒక్క శాతం కరోనా కన్నా వేల రెట్లు ఎక్కువ వెలుగుతుంది. కాబట్టి కరోనా కనపడదు, చుక్కలు కనపడవు, కోళ్ళు గూటికి పోవు. ఎండ కొంచెం నీరసంగా ఉంటుంది, అంతే. అందుకే "మా ఊళ్ళో 98 శాతం ఉందంట, చాల్లే" అనుకోవడం, తిరుపతి దాకా వెళ్ళి కొండ ఎక్కకుండా వెనక్కి వచ్చినట్టే.

కారణం జ్యామితి. సూర్యుడు చంద్రుడికన్నా సుమారు 400 రెట్లు పెద్దవాడు, సుమారు 400 రెట్లు దూరంలో ఉన్నాడు. అందుకే ఇద్దరూ ఆకాశంలో ఒకే సైజులో కనిపిస్తారు. చంద్రుడి చిక్కటి నీడ (ప్రచ్ఛాయ) భూమిని చేరేసరికి సన్నబడి కొద్ది వందల కిలోమీటర్ల మచ్చ అవుతుంది. ఆ మచ్చ భూమి మీద పరిగెడుతూ ఒక పట్టీ గీస్తుంది. పట్టీ లోపల ఉన్నవాళ్ళకి సంపూర్ణం, బయట ఉన్నవాళ్ళకి పాక్షికం. మధ్యలో ఇంకో కేటగిరీ లేదు.

2024లో టెక్సాస్ మీద ఆ పట్టీ వెడల్పు దాదాపు 200 కిలోమీటర్లు. దాని అంచు శాన్ ఆంటోనియో నగరం మధ్యలోంచి వెళ్ళింది. ఊరికి వాయవ్యాన ఉన్నవాళ్ళకి సంపూర్ణ గ్రహణం, డౌన్‌టౌన్‌లో ఉన్నవాళ్ళకి పాక్షికం. ఒకే ఊరు, ఒకే ఆకాశం, కొన్ని కిలోమీటర్ల తేడా. హ్యూస్టన్ అయితే పూర్తిగా పట్టీ బయటే.

కాబట్టి మొదటి రూల్: మ్యాప్ తీసి మీరు పట్టీ లోపల ఉన్నారో లేదో చూడండి. లేకపోతే ఎలాగైనా లోపలికి వెళ్ళండి. దీని మీద బేరం లేదు.

దోసె లెక్క

ఫ్రిస్కో పట్టీ లోపలే ఉంది. హమ్మయ్య. కానీ కేంద్ర రేఖకి దూరంగా, ఉత్తరపు అంచు వైపు ఉంది. ఇప్పుడు రెండో ప్రశ్న: లోపల ఎంత లోపలికి వెళ్ళాలి?

నీడ మచ్చని ఒక గుండ్రటి దోసె అనుకోండి. అది మీ మీదుగా జారుకుంటూ పోతోంది. మీరు సరిగ్గా దాని మధ్య గీత మీద ఉంటే దోసె మొత్తం వ్యాసం మీ మీద నుంచి దాటాలి, కాబట్టి ఎక్కువసేపు చీకటి. అంచు దగ్గర ఉంటే చిన్న ముక్క దాటుతుంది, తక్కువసేపు. టెన్త్‌లో చదువుకున్న వృత్తం, జ్యా పాఠం ఇదే. అప్పుడు ఎందుకు చదివామో ఇప్పుడు తెలిసింది.

ఫార్ములా మాటల్లో: కేంద్ర రేఖ నుంచి మీ దూరాన్ని పట్టీ సగం వెడల్పుతో భాగించండి. వచ్చినదాన్ని వర్గం చేసి ఒకటిలోంచి తీసేయండి. వర్గమూలం కట్టి, కేంద్ర రేఖ మీద ఉండే కాలంతో గుణించండి. డల్లాస్ ప్రాంతంలో సగం వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు, కేంద్ర రేఖ మీద కాలం సుమారు 4 నిమిషాల 23 సెకన్లు. రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో నాకు వచ్చిన లెక్క ఇది:

కేంద్ర రేఖ మీద: 4 నిమిషాల 23 సెకన్లు
25 కి.మీ. దూరంలో: 4 నిమిషాల 15 సెకన్లు
50 కి.మీ. దూరంలో: 3 నిమిషాల 48 సెకన్లు
75 కి.మీ. దూరంలో: 2 నిమిషాల 54 సెకన్లు
90 కి.మీ. దూరంలో: 1 నిమిషం 55 సెకన్లు
99 కి.మీ. దూరంలో: 37 సెకన్లు

నిజానికి నీడ పక్కా వృత్తం కాదు, కొంచెం సాగి ఉంటుంది. చంద్రుడి అంచు కూడా కొండలూ లోయలతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకని ఇది అంచనా మాత్రమే. అయినా పెద్దగా తప్పలేదు. డల్లాస్ డౌన్‌టౌన్‌కి ఖగోళ శాస్త్రజ్ఞులు ఇచ్చిన కాలం దాదాపు 3 నిమిషాల 50 సెకన్లు. అది కేంద్ర రేఖకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. నా రెండు లైన్ల లెక్కకి ఇది చాలా గౌరవం.

ఈ పట్టికలో అసలు విషయం గమనించారా? మధ్య నుంచి సగం దూరం బయటికి వచ్చినా పోయేది 35 సెకన్లే. చివరి పాతిక కిలోమీటర్లలో మాత్రం దాదాపు మూడు నిమిషాలూ సున్నా అయిపోతుంది. అంటే సరిగ్గా కేంద్ర రేఖ మీదే నిలబడాలని తాపత్రయపడక్కర్లేదు. అంచు దగ్గర ఉన్నవాళ్ళు మాత్రం కొంచెం లోపలికి జరిగినా లాభం చాలా ఎక్కువ. పది కిలోమీటర్ల డ్రైవ్ అంచు దగ్గర నిమిషానికి పైగా సంపాదిస్తుంది, మధ్య దగ్గర రెండు మూడు సెకన్లు కూడా ఇవ్వదు.

ఫ్రిస్కోలో దాదాపు మూడు నిమిషాలు. కేంద్ర రేఖ దగ్గరికి, అంటే డల్లాస్ దాటి దక్షిణంగా వాక్సహాచీ, ఎన్నిస్ వైపు వెళ్తే నాలుగు నిమిషాల పైన. మామూలు రోజున గంట, గంటంపావు డ్రైవ్. నేను వెంటనే "ఎన్నిస్ వెళ్ళండి" అని మెసేజ్ పెట్టేశాను. సమస్య సాల్వ్ అయిందనుకున్నాను.

నా లెక్కలో లేని వేరియబుల్స్

అక్క రిప్లై: "అక్కడ బాత్రూం ఉంటుందా?"

నిజంగా నేను ఆలోచించలేదు. షుగర్ ఉన్న అరవై ఆరేళ్ళ మనిషి, మూడు నెలల పాప. పాక్షిక దశతో కలిపి గ్రహణం మొత్తం రెండున్నర గంటలకి పైనే. ఏప్రిల్ ఎండ. సోమవారం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లక్షలమంది అదే రోడ్ల మీదకి వస్తారు. అయిపోయాక అందరూ ఒకేసారి తిరుగు ప్రయాణం. చూడటానికి వచ్చేవాళ్ళు రెండు మూడు రోజుల్లో విడివిడిగా వస్తారు కానీ, వెళ్ళేటప్పుడు అందరికీ ఒకటే టైమ్. బ్యాచ్ మొత్తం ఒకేసారి రిజల్ట్స్ సర్వర్ మీద పడ్డట్టు.

ఇక మబ్బులు. ఇక్కడ రెండు వేర్వేరు డేటాలు ఉంటాయి, కలపకూడదు. ఒకటి, పాత రికార్డుల సగటు. ఏప్రిల్ మొదట్లో అమెరికా మొత్తం పట్టీలో టెక్సాస్‌కే ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ అని ఆ రికార్డులు చెప్పాయి. చాలామంది ఏడాది ముందే అది చూసి హోటళ్ళు బుక్ చేసుకున్నారు. రెండోది, ఆ రోజుకి వాతావరణ అంచనా. వారం ముందు నుంచీ టెక్సాస్‌కి మబ్బులే చూపించింది. చివరికి ఆ రోజు వెర్మాంట్, మెయిన్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని చోట, ఆకాశం అద్దంలా ఉంది. సగటు అనేది టికెట్ కొనేటప్పుడు పనికొస్తుంది. కారు తాళాలు తీసేటప్పుడు అంచనా చూడాలి.

మబ్బు ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోతే కారెక్కి మారొచ్చు. టెక్సాస్ అంతా అవే మబ్బులైతే మారి లాభం లేదు. అలాంటప్పుడు సౌకర్యంగా ఉన్న చోటే కూర్చుని ఆశ పెట్టుకోవడం మంచి ప్లాన్.

ఇలాంటి తలనొప్పి మనకి కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం మన గడ్డ మీదుగా వెళ్ళినప్పుడు యూరప్ శాస్త్రజ్ఞులు కూడా ఇలాగే మ్యాప్ ముందేసుకుని కూర్చున్నారు. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో పరికరాలు పెట్టుకున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళారు. అందరూ ఒకే చోట కూర్చుంటే ఒక్క మబ్బు అందరినీ ముంచేస్తుంది, విడిపోతే ఎవరో ఒకరికి దొరుకుతుంది. ఆ గ్రహణంలో సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత వెనకాలే పోయి తర్వాత హీలియం అనే మూలకాన్ని గుర్తించారు. బెలూన్లలో నింపే గ్యాస్ కథకి గుంటూరుతో లింక్ ఉందని నాకు ఇదంతా చదివేదాకా తెలియదు.

చివరికి ఏం చేశారు

జాన్సెన్ లాగే మావాళ్ళకీ ఒక ఇల్లు దొరికింది. బావ కొలీగ్ ఒకాయన వాక్సహాచీ పక్కన ఉంటాడు. ఇంటి వెనక ఖాళీ స్థలం, నీడకి చెట్టు, లోపల బాత్రూం, వైఫై. కేంద్ర రేఖకి దగ్గరే, నాలుగు నిమిషాల పైన కాలం. ఆదివారం రాత్రే అక్కడికి చేరిపోయారు, కాబట్టి వెళ్ళేటప్పుడు ట్రాఫిక్ లేదు. వచ్చేటప్పుడు సాయంత్రం భోజనం కూడా అక్కడే చేసి, రోడ్డు ఖాళీ అయ్యాక బయల్దేరాలని అనుకున్నారు.

ఒక అడ్డంకి మాత్రం మా ఇంట్లోంచే వచ్చింది. అమ్మ ఫోన్‌లో, "అమావాస్య, తెల్లారితే ఉగాది, అందులో గ్రహణం. అమ్మని బయట కూర్చోబెడతారా?" అంది. సూర్యగ్రహణం అమావాస్యకే వస్తుంది, ఇంకో రోజు రావడం కుదరదు అని చెప్పబోయాను. నా మాట ఎవరూ వినలేదు. అమ్మమ్మే అంది, "అప్పుడు నీకోసమే లోపల పండుకున్న. ఇప్పుడు నువ్వు పుట్టినవ్ గద. నేను చూస్త." అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

గ్రహణం వేళ కొత్త కిరణాలేవీ పుట్టవు. రోజూ వచ్చే ఎండే, కాస్త తక్కువగా వస్తుంది. నిజమైన ప్రమాదం కళ్ళకే. ఎండ తగ్గిందని తేరిపార చూస్తాం, రెటీనా కాలుతుంది, కాలేటప్పుడు నొప్పి కూడా తెలియదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, మామూలు కూలింగ్ గ్లాసులు, పళ్ళెంలో నీళ్ళలో ప్రతిబింబం, ఏవీ పనికిరావు. గ్రహణం కోసం ప్రత్యేకంగా చేసిన, ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న కళ్ళజోడే వాడాలి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలు మాత్రం దాన్ని తీసేయాలి, లేకపోతే ఏమీ కనపడదు. వెలుగు చుక్క మళ్ళీ కనిపించగానే పెట్టేసుకోవాలి.

అమ్మమ్మకి ఈ టైమింగ్ ఇంగ్లీషులో చెప్తే అర్థం కాలేదు. పంచాంగం భాషలో చెప్తే వెంటనే పట్టేసింది. స్పర్శ: 12 గంటల 23 నిమిషాలకి. నిమీలనం, అంటే పూర్తిగా మూసుకోవడం: 1.40కి. ఉన్మీలనం, మళ్ళీ తెరుచుకోవడం: 1.44 దాటాక. మోక్షం: 3 దాటాక. "నిమీలనం నుంచి ఉన్మీలనం దాకా అద్దాలు తీసెయ్యాలె, అంతేగా?" అంది. అంతే. నేను స్క్రీన్‌షాట్లు పెట్టి అరగంట చెప్పింది ఒక్క వాక్యం.

ఇక్కడ మాకు రాత్రి పన్నెండు దాటింది. తేదీ మారి ఉగాది వచ్చేసింది. నేను అమ్మ పక్కన కూర్చుని వీడియో కాల్‌లో ఉన్నాను. అక్కడ మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. బావ ఫోన్ కెమెరా సూర్యుడి వైపు తిప్పితే తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. ఫోన్ కెమెరా తన లెక్కలు తను వేసుకుని అన్నీ పాడుచేస్తుంది. మీకు ఛాన్స్ వస్తే ఫోటోల కోసం ఆ నాలుగు నిమిషాలు వేస్ట్ చేయకండి. నేను "అమ్మమ్మని చూపించు" అని అరిచాను.

చూపించాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. వెలుగు మసకబారుతోంది, సాయంత్రం రంగు కాదు, బూడిద రంగు. నీడ గంటకి 2,600 కిలోమీటర్ల పైన వేగంతో వస్తుందని నేను చదివాను. స్క్రీన్ మీద అది ఎవరో స్విచ్ తిప్పినట్టు కనిపించింది. పక్కింట్లో ఎవరో అరిచారు. పిట్టల చప్పుడు ఆగింది. అక్క "తియ్యి అమ్మమ్మా, తియ్యి" అంటే అద్దాలు తీసింది. పల్చటి మబ్బు వెనక నుంచి కరోనా కనిపించిందట. కింది అంచున ఎర్రటి చుక్క, పక్కన శుక్రుడు. నాకు ఇవేవీ కనపడలేదు. నోరు కొంచెం తెరిచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని పైకి చూస్తున్న అమ్మమ్మ మొహం మాత్రం కనిపించింది. నాలుగు నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గ్రహణం విడిచాక అమ్మమ్మ తలస్నానం చేసింది. అది ఆవిడ పద్ధతి, ఎవరూ అడ్డు చెప్పలేదు.

మీ వంతు వస్తే

అన్నీ కలిపి చెప్పాలంటే వరస ఇది. ముందు పట్టీ లోపలికి రండి. అంచుకి దగ్గరగా ఉంటే ఇంకొంచెం లోపలికి జరగండి, మధ్యకి దగ్గరగా ఉంటే ఉన్నచోటే ఉండండి. తర్వాత మీతో ఎవరు వస్తున్నారో చూడండి, వాళ్ళకి ఏం కావాలో చూడండి. ముందు రోజే చేరండి, ఆలస్యంగా బయల్దేరండి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అంతమంది ఉన్నచోట నెట్‌వర్క్ పనిచేస్తుందని నమ్మలేం. మూడు రోజుల ముందు నుంచి మబ్బుల అంచనా చూడండి. రెండో చోటు ఒకటి మనసులో పెట్టుకోండి.

ఫస్టియర్‌లో పైథాన్ నేర్చుకున్నాక ఆ దోసె లెక్కని ప్రోగ్రామ్‌గా రాశాను. ఊరి పేరు ఇస్తే కాలం చెప్తుంది. బాత్రూం కోసం ఒక కాలమ్ కూడా పెట్టాను. దాన్ని ఇంకా చేత్తోనే నింపాలి.

ఇదంతా మనకెందుకు అంటారా? 2027 ఆగస్టు 2న నీడ స్పెయిన్, ఈజిప్టు దాటి సౌదీ మీదుగా వెళ్తుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాల పైన. జెడ్డా, మక్కా కూడా పట్టీలోనే ఉన్నాయి. మనలో ఎంతమంది నాన్నలు, మామయ్యలు, బాబాయిలు అక్కడ పనిచేస్తున్నారు? వాళ్ళు టికెట్ కొనక్కర్లేదు, డాబా ఎక్కితే చాలు. కానీ ఎవరో ఒకరు ముందే ఫోన్ చేసి చెప్పాలి, కళ్ళజోడు పంపాలి. 2028 జులై 22న సిడ్నీ వంతు. అక్కడ ఎమ్మెస్ చేస్తున్న సీనియర్లున్నారు. మన దేశానికైతే 2034 మార్చి 20న, కార్గిల్ వైపు.

ఆ సంగతి అమ్మమ్మకి చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అప్పటికి ఆవిడకి డెబ్బై ఆరు. కొంచెంసేపు ఆలోచించి అడిగింది:

"కార్గిల్‌ల బాత్రూం ఉంటదారా?"

కనుక్కుంటున్నాను.